హర్ట్, ఇంజురీ, హార్మ్, డ్యామేజ్: ఇంగ్లీషు అర్జీలో ఏ మాట ఎక్కడ రాయాలి

కిందటి ఏడు వానాకాలంలో మా బరంపురం సంఘం గదికి ఒక కుర్రాడు చేతికి పిండికట్టుతో వచ్చాడు. గోడ హద్దు దగ్గర పొరుగువాళ్లతో తగాదా. కర్రతో కొడితే ముంజేతి ఎముక విరిగింది, ముందుపన్ను ఒకటి కదిలింది. అతను ఠాణాలో ఇచ్చిన కాగితం నకలు నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీషులో రాసుకున్నాడు. తెలుగు తర్జుమా చేస్తే ఇలా ఉంటుంది: "నా పొరుగాయన నన్ను చాలా హర్ట్ చేశారు. దానివల్ల నేను లోలోపల ఇంజూర్ అయ్యాను. నాకు హార్మ్ చేస్తారని భయంగా ఉంది." కర్ర లేదు, చెయ్యి లేదు, పన్ను లేదు, తేదీ కూడా లేదు. చదివినవాళ్లు మాటామాటా పెరిగి మనసు నొచ్చుకున్న వ్యవహారం అనుకుని పక్కన పెట్టారు.

"బాబాయ్, నేను రాసింది తప్పా?" అని అడిగాడు. తప్పు కాదు నాయనా, బడిలో నేర్పిన ఇంగ్లీషు ప్రకారం ఒప్పే. ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషు వేరు, చట్టం పుస్తకంలో ఇంగ్లీషు వేరు, బీమా కాగితం మీద ఇంగ్లీషు ఇంకా వేరు. హర్ట్, ఇంజురీ అనే రెండు మాటలైతే ఇంట్లోంచి ఠాణాకు వెళ్లేసరికి ఒకదాని కుర్చీలో ఇంకొకటి కూర్చుంటాయి. ముప్పై మూడేళ్లు గుమస్తాగా కాగితాలు రాసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత మేరకు ఈ మాటల లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ఫిర్యాదు ఇంగ్లీషులోనే ఇవ్వాలని ఎక్కడా లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నోటితో చెప్పినా ఠాణాలో రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి, నమోదైన ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కానీ మన పరిస్థితి తెలిసిందే. ఇక్కడ ఠాణాలో ఒడియా, షోలాపూరులో మరాఠీ, బళ్లారిలో కన్నడం, హోసూరులో తమిళం. మనలో చాలామందికి ఆ భాష మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. పిల్లలు ఇంగ్లీషు మీడియం. అందుకని మధ్యవర్తి భాషగా ఇంగ్లీషు వచ్చి కూర్చుంటోంది. అది వచ్చినప్పుడు సరిగ్గా రావాలి కదా.

ఇంట్లో ఇంగ్లీషు

రోజువారీ ఇంగ్లీషులో హర్ట్ అంటే నొప్పి. ఒంటికీ వాడతారు, మనసుకూ వాడతారు. "మై లెగ్ హర్ట్స్" అంటే కాలు నొప్పి పెడుతోంది. ఎవరూ కొట్టి ఉండక్కర్లేదు. "ఐ గాట్ హర్ట్" అంటే దెబ్బ తగిలింది. "ఐ యామ్ హర్ట్" అని ఊరికే అంటే మాత్రం ముందూ వెనకా చూసుకోవాలి. పడిపోయినవాడు అంటే దెబ్బ, మాట పడ్డవాడు అంటే మనస్తాపం. మన కుర్రాడి కాగితం దగ్గర జరిగింది అదే. ఇంకో చిక్కు కూడా ఉంది. హర్ట్ అనే క్రియకు వర్తమానం, భూతం ఒకటే రూపం, దానికి చివర ఈడీ తగిలించకూడదు. "హర్టెడ్" అని రాసిన అర్జీలు నేను ఏటా రెండో మూడో చూస్తాను.

ఇంజూర్ అంటే ఒంటికి దెబ్బ, సాధారణంగా ప్రమాదంలోనో ఆటలోనో తగిలింది. బస్సు బోల్తా పడితే పత్రికలో "ట్వెల్వ్ ఇంజూర్డ్" అని వేస్తారు. మన పత్రికలు "క్షతగాత్రులు" అని వేసేది వీళ్లనే. వూండ్ అంటే కత్తి, తూటా వంటి ఆయుధం చేసిన గాయం. యుద్ధంలో సిపాయి వూండెడ్, బస్సు ప్రమాదంలో ప్రయాణికుడు ఇంజూర్డ్. ఒంటి మీద తెరుచుకున్న పుండుకూ, ఆపరేషను కోతకూ కూడా వూండ్ అంటారు, కాబట్టి డాక్టరు వూండ్ అని రాసినంత మాత్రాన ఎవరో పొడిచారని కాదు. దీన్ని పలికేటప్పుడు వూండ్ అనాలి. వౌండ్ అంటే గడియారానికి కీ ఇచ్చిన క్రియ అవుతుంది, అక్షరాలు రెండింటికీ ఒకటే.

హార్మ్ వీటన్నిటికంటే వెడల్పు. మన "హాని" దాదాపు సరిపోతుంది. కంటికి కనబడక్కర్లేదు. పొగాకు చేసేది హార్మ్, పుకారు చేసేది హార్మ్. కానీ చెయ్యి విరిగిందని చెప్పడానికి హార్మ్ అంటే మరీ పలచన అయిపోతుంది. డ్యామేజ్ వస్తువులకు: ఇల్లు, బండి, పంట, రోడ్డు. మనిషిని డ్యామేజ్ చేశారని అనరు. అయితే మనిషి లోపలి అవయవానికి అనవచ్చు, కాలేయానికీ మెదడుకూ డ్యామేజ్ అంటారు, పరువుకూ అంటారు. చూపు, వినికిడి తగ్గితే ఇంపెయిర్ అనే మాట ఉంది. కంటి డాక్టరు కాగితంలో అది కనబడుతుంది.

తెలుగులో మనకు ఒక సౌకర్యం ఉంది. "నాకు దెబ్బ తగిలింది" అంటే ఎవరి తప్పూ చెప్పలేదు. "నన్ను కొట్టాడు" అంటే చెప్పాము. క్రియే ఆ తేడా మోస్తుంది. ఇంగ్లీషు హర్ట్‌కు ఆ తేడా లేదు. "హీ హర్ట్ మీ" అంటే కావాలని కొట్టాడో, సైకిలు అదుపు తప్పి గుద్దాడో, మాటతో నొప్పించాడో, మూడింట్లో ఏదైనా కావచ్చు. అందుకే చట్టం ఆ మాట ముందు "వాలంటరిలీ" అని తగిలించుకుంది. మీరు ఆ మాట రాయక్కర్లేదు. "హీ హిట్ మీ ఆన్ ద లెఫ్ట్ ఫోర్‌ఆర్మ్ విత్ ఎ బాంబూ స్టిక్" అని రాస్తే చాలు.

చట్టం పుస్తకంలో ఇంగ్లీషు

ఇప్పుడు కుర్చీలు మారే చోటికి వద్దాం. భారత శిక్షాస్మృతి 1860లో వచ్చి 1862 జనవరి 1 నుంచి అమలైంది. మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషన్ దాని ముసాయిదా 1837లోనే తయారు చేసింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ మాటల నిర్వచనాలు చాలావరకు పాతవే.

పాత 319, కొత్త 114వ సెక్షన్ ప్రకారం ఒంటి నొప్పి, జబ్బు, బలహీనత, ఈ మూడింట్లో ఏది కలిగించినా హర్ట్. ఒళ్లే, మనసు కాదు. ఇంట్లో హర్ట్‌కు మనసు ముఖ్యం, చట్టంలో హర్ట్‌కు మనసుతో పనిలేదు. గాయం కనబడాలని కూడా లేదు. చెంపదెబ్బకు వాపు లేకపోయినా నొప్పి ఉంది కాబట్టి హర్ట్. ఒకరికి జబ్బు అంటించడం కూడా హర్టే.

ఇంజురీ చూడండి. పాత 44వ సెక్షన్‌లో, కొత్త సంహిత 2వ సెక్షన్ 14వ అంశంలో ఉన్న అర్థం: చట్టవిరుద్ధంగా ఎవరికైనా ఒంటికి గానీ, మనసుకు గానీ, పరువుకు గానీ, ఆస్తికి గానీ చేసిన ఎలాంటి హాని అయినా ఇంజురీ. అంటే మీ దుకాణం తాళం పగలగొడితే ఇంజురీ, మీ అమ్మాయి మీద లేనిపోనివి ప్రచారం చేస్తే ఇంజురీ. రక్తం చుక్క కారనక్కర్లేదు. బెదిరింపు నేరానికి, అంటే కొత్త 351వ సెక్షన్‌కు, ఈ వెడల్పే ప్రాణం. "నీ కాలు విరగ్గొడతా" అన్నదీ, "నీ దుకాణం తగలబెడతా" అన్నదీ, "నీ పరువు తీస్తా" అన్నదీ మూడూ ఇంజురీ చేస్తానన్న బెదిరింపులే. కాబట్టి బెదిరింపు ఫిర్యాదులో "హార్మ్ చేస్తానన్నాడు" అని ముక్తసరిగా రాయకుండా అతను పలికిన మాటలు ఏ భాషలో పలికితే ఆ భాషలోనే, కొటేషన్లో రాయండి.

ఇలా ఎందుకైందంటే ఇంజురీకి మూలం లాటిన్ "ఇన్యూరియా". దానికి అన్యాయం, హక్కుకు విరుద్ధమైన పని అని అర్థం. గాయం అనే అర్థం తర్వాత వచ్చింది. యానాంలో ఫ్రెంచి చదువుకున్న పెద్దలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లను అడగండి. ఫ్రెంచిలో "ఆంజ్యూర్" అంటే తిట్టు, దూషణ. అక్షరాలు ఇంగ్లీషు ఇంజూర్‌వే. ఇంగ్లీషులో దీవెనకు వాడే బ్లెస్ లాగే కనబడే "బ్లెసే" అనే మాటకు ఫ్రెంచిలో గాయపరచడం అని అర్థం! ఒకే లాటిన్ విత్తనం ఇంగ్లండులో గాయమై, ఫ్రాన్సులో తిట్టై, మన శిక్షాస్మృతిలో పాత అర్థం పట్టుకుని ఉండిపోయింది.

వూండ్ కూడా చట్టంలో తమాషా చేస్తుంది. మాటతోనో సైగతోనో ఇంకొకరి మతభావాలను నొప్పించే నేరానికి, పాత 298, కొత్త 302వ సెక్షన్‌లో, వాడిన క్రియ వూండ్. పత్రికలు "రెలిజియస్ సెంటిమెంట్స్ హర్ట్" అని రాస్తాయి. చట్టం అక్కడ హర్ట్ అనదు, అనలేదు కూడా. హర్ట్‌ను ఒంటికి కట్టేసుకుంది కదా.

గ్రీవస్ హర్ట్

దీన్ని గ్రీవస్ అనాలి, గ్రీవియస్ కాదు. ఇది "పెద్ద దెబ్బ" అన్నంత మోటు మాట కాదు. పాత 320, కొత్త 116వ సెక్షన్‌లో ఎనిమిది రకాలే ఉన్నాయి: పుంస్త్వం పోవడం, ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం, ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోవడం, ఏదైనా అవయవం లేదా కీలు పోవడం, ఆ అవయవం లేదా కీలు శక్తి నాశనమవడం లేదా శాశ్వతంగా తగ్గడం, తల లేదా ముఖం శాశ్వతంగా వికారమవడం, ఎముక లేదా పన్ను విరగడం లేదా కీలు తప్పడం, ప్రాణాపాయం తెచ్చే దెబ్బ లేదా నిర్ణీత రోజులపాటు తీవ్ర నొప్పి పెట్టే లేదా మామూలు పనులు చేసుకోనివ్వని దెబ్బ. ఈ చివరిదానికి పాత చట్టంలో 20 రోజులు, కొత్తదానిలో 15 రోజులు. చాలామంది దగ్గర ఉన్న పాత నమూనా అర్జీల్లో ఇంకా 20 అనే ఉంది. 2024 జూలై 1కి ముందు జరిగిన సంఘటనైతే అది సరే, ఆ తర్వాతదైతే 15.

ఈ జాబితా చదివితే ఒకటి బోధపడుతుంది. ముంజేతి మీద ఆరు కుట్లు పడ్డ కోత చూడ్డానికి భయంకరంగా ఉన్నా, ఎముకకూ నరానికీ ప్రమాదం లేకపోతే సింపుల్ కిందికి రావచ్చు. పన్ను ఒకటి ఊడితే గ్రీవస్. తేడా చిన్నది కాదు. మామూలు హర్ట్‌కు, 115వ సెక్షన్ రెండో ఉపభాగం కింద, శిక్ష గరిష్ఠంగా ఒక ఏడాది లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. అందులో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు తమంతట తాము దర్యాప్తు మొదలుపెట్టలేరు. గ్రీవస్ హర్ట్‌కు, 117వ సెక్షన్ రెండో ఉపభాగం కింద, ఏడేళ్ల దాకా. పోలీసులు నేరుగా కేసు తీసుకోవచ్చు. మా కుర్రాడి "హర్ట్" కాగితం ఎందుకు పక్కన పడిందో, "ఫ్రాక్చర్" అన్న ఒక్క మాట ఉంటే ఎందుకు పడేది కాదో ఇప్పుడు అర్థమవుతుంది.

తమిళనాట ఠాణా కాగితాల్లో దీన్ని "కొడుంగాయం" అంటారు, మహారాష్ట్రలో "జబర్ దుఖాపత్". షోలాపూరు, భివండీ మగ్గాల వాడల్లో ఉన్న మనవాళ్లు ఆ మరాఠీ మాట గుర్తుపట్టుకుంటే చాలు, దుఖాపత్ ముందు జబర్ ఉందా లేదా అని చూసుకోవచ్చు. తెలుగు పత్రికల్లో "తీవ్ర గాయాలు" అన్నది విలేకరి అంచనా మాత్రమే, దాన్ని పట్టుకుని గ్రీవస్ అనుకోకూడదు.

పదిహేను రోజుల సంగతిలో ఇంకో మెలిక. ఆసుపత్రిలో పదిహేను రోజులు పడుకున్నంత మాత్రాన చాలదు. ఆ రోజుల్లో తీవ్రమైన నొప్పి ఉందనో, మామూలు పని చేసుకోలేకపోయారనో తేలాలి. కాబట్టి మీ మామూలు పని ఏమిటో రాయండి. మగ్గం నేసేవారైతే నేయలేకపోయానని, టైలరైతే కత్తెర పట్టలేకపోయానని, ఇల్లాలైతే నీళ్లు మోయలేక, వంట చేయలేక పక్కింటివారు చేసిపెట్టారని. ఇంటిపని పని కాదా ఏమిటి? మన ఆడవాళ్లు "నేనేం చేస్తాను, ఇంట్లోనే ఉంటాను" అని ఆ వరుస ఖాళీగా వదిలేస్తారు. వదలకండి.

డాక్టరు రాసే మాటలు

కొట్లాట కేసులో సర్కారు ఆసుపత్రి ఇచ్చే కాగితాన్ని కొన్నిచోట్ల వూండ్ సర్టిఫికేట్ అనీ, కొన్నిచోట్ల ఇంజురీ రిపోర్ట్ అనీ అంటారు. అందులో సింపుల్ లేదా గ్రీవస్ అని అభిప్రాయం రాస్తారు. దానికి ముందు గాయం రకం ఉంటుంది. అబ్రేజన్ అంటే చర్మం దోక్కుపోవడం. కంట్యూజన్ అంటే కమిలిపోవడం. లాసరేషన్ అంటే మొద్దు వస్తువు తగిలి చర్మం చిట్లడం. ఇన్‌సైజ్డ్ అంటే పదునైన దానితో తెగడం. స్టాబ్ అంటే పోటు.

ఈ ఐదూ తెలిస్తే ఏం లాభమంటే, మీ ఫిర్యాదూ డాక్టరు కాగితమూ ఒకదానితో ఒకటి పోట్లాడుకోకుండా చూసుకోవచ్చు. "కత్తితో నరికాడు" అని మీరు రాసి, డాక్టరు లాసరేటెడ్ అని రాస్తే అవతలి వకీలు పట్టుకునేది ఆ ముక్కే. కోపంలో కర్ర కత్తి అవుతుంది, ఒకడు నలుగురవుతారు. చూసినదే రాయాలి. తల మీది గాయంతో మాత్రం జాగ్రత్త. అక్కడ చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది కాబట్టి కర్రదెబ్బకు కూడా చర్మం కత్తితో కోసినట్టు చిట్లుతుంది. అది ఏమిటో తేల్చేది డాక్టరు. మీరు "ఏదో వస్తువుతో తల మీద కొట్టాడు, రక్తం కారింది" అని ఆగిపోవచ్చు.

రోడ్డు, కార్ఖానా, బీమా

గ్రీవస్ హర్ట్ కొట్లాటలకే అనుకోకండి. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే, మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద మరణానికి 2 లక్షలు, గ్రీవస్ హర్ట్‌కు 50,000 రూపాయలు పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన పథకం ఇది; అంతకు ముందు 25,000, 12,500గా ఉండేది. గ్రీవస్ అంటే ఏమిటన్నదానికి కొలత ఆ ఎనిమిది రకాలే. చెయ్యి విరిగిన మనిషి "మైనర్ ఇంజురీ" అని రాసుకుంటే 50,000 పోయినట్టే. పెద్దమనిషి తరహాగా "ఏదో చిన్న దెబ్బేలెండి" అనడం మనకు అలవాటు. మాట వరసకు బాగుంటుంది, ఫారంలో కాదు.

పనిచోట ప్రమాదాలకు 1923 నాటి చట్టంలో ఉన్న మాట "పర్సనల్ ఇంజురీ". 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే. ఇక్కడ ఇంజురీ అంటే మళ్లీ ఒంటికే, పరువుకు కాదు. దాని పక్కన రెండు షరతులుంటాయి: ఆ పని వల్ల జరగాలి, ఆ పని చేస్తుండగా జరగాలి. పవర్‌లూమ్ బెల్టులో వేలు నలిగితే "మగ్గం నడుపుతుండగా, ఫలానా షిఫ్టులో" అని రాయడం అందుకే ముఖ్యం.

ఆరోగ్య బీమా పాలసీల్లో ఇంజురీకి మూడో అర్థం. బయటి నుంచి, బలంగా, కనబడేలా ప్రమాదవశాత్తు ఒంటికి జరిగిన హాని; జబ్బు దాని కిందికి రాదు; డాక్టరు ధ్రువీకరించాలి. బస్తా ఎత్తితే నడుం పట్టేసిందనుకోండి. ఇంట్లో ఇంగ్లీషులో అది "బ్యాక్ ఇంజురీ". బీమావాళ్లు పాత అరుగుదల జబ్బు అని తోసెయ్యవచ్చు. జారిపడ్డారా, ఏదైనా మీద పడిందా, ఎక్కడ, ఎప్పుడు అన్నది మొదటిరోజు ఆసుపత్రి చీటీలోనే పడాలి. తర్వాత రాయించుకోవాలంటే ఎవరూ రాయరు.

20 రూపాయలకు బ్యాంకు ఖాతాలోంచి కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమాలో, 18 నుంచి 70 ఏళ్ల వారికి, ప్రమాదంలో ఒక కన్ను చూపు పూర్తిగా పోయినా, ఒక చెయ్యి లేదా ఒక కాలు వాడకం పోయినా లక్ష రూపాయలు. అక్కడి మాట "లాస్ ఆఫ్ యూజ్". చెయ్యి తెగిపడనక్కర్లేదు, పనికిరాకుండా పోయినా చాలు. మనవాళ్లు "చెయ్యి ఉంది కదా" అని దరఖాస్తే పెట్టుకోరు.

డ్యామేజ్, డ్యామేజెస్

గుమస్తా జీవితంలో నేను ఎక్కువసార్లు దిద్దిన తప్పు ఇది. డ్యామేజ్ అంటే పాడైపోవడం, దానికి ఇంగ్లీషులో బహువచనం లేదు. నాలుగు గోడలు కూలినా "డ్యామేజ్ టు మై హౌస్" అనే రాయాలి. డ్యామేజెస్ అంటే కోర్టు ఇప్పించే డబ్బు. మనం నష్టపరిహారం అనేది, ఒడియాలో క్షతిపూరణ, మరాఠీలో నుక్సాన్ భర్‌పాయి, తమిళంలో నష్ట ఈడు. "ఐ హావ్ సఫర్డ్ డ్యామేజెస్" అని తుపాను అర్జీలో రాస్తే చదివేవాడు నవ్వుకుంటాడు. నవ్వుకున్నా పని చేసిపెడితే పర్వాలేదు.

2013 ఫైలిన్ గోపాల్‌పూరు దగ్గర తీరం దాటినప్పుడూ, 2018 తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచినప్పుడూ ఈ మాటలతోనే మా వేళ్లు అరిగాయి. విపత్తు సాయం నియమాల్లో ఇల్లు పూర్తిగా కూలిందా, బాగా దెబ్బతిందా, పాక్షికంగా దెబ్బతిందా అన్నది మెట్లు మెట్లుగా ఉంటుంది. పాక్షికం లెక్కలోకి రావాలంటే గుడిసెలు కాని ఇళ్లకు కనీసం 15 శాతం దెబ్బతినాలి. పంటకు వాడే మాట డ్యామేజ్ కాదు, లాస్. 33 శాతం, ఆపైన పోతేనే సాయం. "టోటల్లీ డ్యామేజ్డ్" అని అందరూ రాస్తే తనిఖీకి వచ్చిన ఉద్యోగి నిలబడ్డ గోడ చూసి మొత్తం కొట్టేస్తాడు. "వంటగది పైకప్పు, తూర్పు గోడ కూలాయి, ముందు గది నిలిచి ఉంది" అని రాసినవారి కాగితం తనిఖీకి నిలబడింది.

కావాలని ఆస్తి పాడుచేస్తే చట్టంలో దాని పేరు మిస్చీఫ్. బడిలో ఆ మాటకు అల్లరి అని అర్థం చెబుతారు. చార్జిషీటులో మిస్చీఫ్ చూసి "మా వాడి బండి తగలబెడితే అల్లరి అని రాశారేంటి" అని మండిపడ్డ తండ్రిని నేనే ఊరుకోబెట్టాను. కొత్త 324వ సెక్షన్‌లో నష్టం విలువను బట్టి శిక్ష మారుతుంది: 20,000 నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ల దాకా, లక్ష, ఆపైన అయితే ఐదేళ్ల దాకా. పాత 427వ సెక్షన్‌లో ఆ గీత 50 రూపాయల దగ్గర ఉండేది! కాబట్టి పాడైన వస్తువుల జాబితా, ఒక్కోదాని విలువ, బిల్లు ఉంటే బిల్లు జతచేయండి.

అసాల్ట్, అబ్యూజ్

అసాల్ట్ అంటే పత్రికల్లో దాడి, కొట్టడం. చట్టంలో, పాత 351, కొత్త 130వ సెక్షన్ ప్రకారం, కొట్టబోతున్నాడని ఎదుటివాడు భయపడేలా చెయ్యెత్తినా చాలు. తగలక్కర్లేదు. తగిలితే క్రిమినల్ ఫోర్స్, నొప్పి పెడితే హర్ట్, ఎముక విరిగితే గ్రీవస్ హర్ట్. "హీ అసాల్టెడ్ మీ" అని ఆపేస్తే మీరు మెట్లలో అన్నిటికంటే కింద మెట్టు మీదే నిలబడ్డట్టు. ఏం చేశాడో రాయండి, మెట్టు ఏదన్నది వాళ్లు చూసుకుంటారు.

అబ్యూజ్‌ను మన దేశపు అర్జీల్లో బూతులు తిట్టడానికి వాడతాం. "హీ అబ్యూజ్డ్ మీ ఇన్ ఫిల్తీ లాంగ్వేజ్" అన్నది తాతల నాటి వాక్యం, ఇక్కడ ఎవరూ అపార్థం చేసుకోరు. కానీ అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు, మనవణ్ణి వాళ్ల నాన్న కేకలేశాడని డాక్టరు ముందో టీచరు ముందో "హిజ్ ఫాదర్ అబ్యూజెస్ హిమ్" అనకండి. అక్కడ ఆ మాటకు పిల్లవాణ్ణి హింసిస్తున్నాడనో, అంతకంటే ఘోరమైనదో అర్థం. అమెరికాలోనైతే విన్న టీచరుకు, డాక్టరుకు అధికారులకు తెలియజేయాల్సిన చట్టపు బాధ్యత ఉంటుంది. కేకలేశాడు అనడానికి "స్కోల్డెడ్" ఉంది.

కొన్ని చిన్న తప్పులు

కాజ్ అనే క్రియ మన "కలిగించు" కాదు. మనం సంతోషం కలిగించామంటాం, బాధా కలిగించామంటాం. ఇంగ్లీషులో కాజ్ దాదాపు ఎప్పుడూ చెడుకే: ప్రమాదం, నష్టం, నొప్పి, ఆలస్యం. మా సంఘం వార్షికోత్సవానికి వచ్చిన అతిథికి ఒక యువకుడు "యువర్ విజిట్ కాజ్డ్ అజ్ గ్రేట్ హ్యాపీనెస్" అని ధన్యవాద లేఖ రాశాడు. నేను గేవ్ అని మార్చాను. హార్మ్‌కు, డ్యామేజ్‌కు డూ గానీ కాజ్ గానీ పెట్టవచ్చు, మేక్ పెట్టకూడదు. దెబ్బ తిన్నవారి వైపు నుంచి రాస్తే సస్టెయిన్ లేదా సఫర్. కొట్టినవారి వైపు నుంచి అయితే ఇన్‌ఫ్లిక్ట్, దాని వెనక ఆన్ వస్తుంది. ఇంజురీ, డ్యామేజ్, హార్మ్, మూడింటి వెనకా టు రావాలి, ఆఫ్ కాదు: "ఇంజురీ టు ద హెడ్". గాయపడ్డ మనిషిని "ఎ హర్ట్ మ్యాన్" అంటే మనసు నొచ్చుకున్నవాడు అవుతాడు. "యాన్ ఇంజూర్డ్ మ్యాన్" అనాలి.

ఆ కుర్రాడి కాగితం మళ్లీ రాశాం. తేదీ, సాయంత్రం ఎన్ని గంటలకు, గోడ ఏ వైపు, వెదురు కర్ర, ఎడమ ముంజెయ్యి, ముందుపన్ను, చూసిన ఇద్దరి పేర్లు, ఎక్స్‌రే చీటీ నంబరు. మొత్తం పదకొండు వాక్యాలు. హర్ట్ అనే మాట అందులో ఒక్కచోట కూడా రాలేదు. ఎఫ్ఐఆర్‌లో 117 పడింది. కేసు ఇంకా నడుస్తోంది. గోడ మాత్రం ఇద్దరూ కలిసి సర్వేయరును పిలిపించి కొలిపించుకున్నారు.